పేతురు పండగనాడు రాలిన కాయలు

కంచె అవతల మరిది చెట్ల కింద రాలిన ప్లం కాయలు చూసేసరికి స్తానాకి ఒళ్ళు మండింది. ఏరమని శనివారం చెప్పింది. ఆదివారం చెప్పింది. ఇవాళ పేతురు పండగ. కాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

తెల్లచొక్కా తొడుక్కుని చర్చికి బయల్దేరిన విటోమిర్‌ని వాకిట్లోనే నిలేసింది.

"ఏమయ్యా, ఆ దరిద్రం ఎప్పుడు ఏరతావ్?"

"రేపు ఏరతాలే వదినా. మూడ్రోజులూ క్యాలెండర్లో ఎర్రక్షరాలే. పనిచేస్తే పాపం."

"పురుగు క్యాలెండర్ చూస్తుందా?"

అది గోరంత బూడిదరంగు రెక్కల పురుగు. పచ్చికాయ మీద గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలికి దూరి గింజచుట్టూ తింటుంది. కాయ రాలాక బయటికొచ్చి బెరడు సందుల్లో గూడు కట్టుకుంటుంది. కొన్ని వారాల్లో రెక్కలొచ్చి మళ్ళీ గుడ్లు, ఈసారి పండబోయే కాయల మీద. రాలినవి ఏరోజుకారోజు ఏరి పందులకి వేస్తేనే ఆ వరస తెగేది. కంచె దానికి ఒక అడ్డా?

నిరుడూ విటోమిర్ ఏరలేదు. డిసెంబర్లో, ఇంటిని కాచే సెయింట్ నికొలా పండగనాటి మాంసం లేని ఉపవాస భోజనంలో, స్తానా ఉడికించిన ఎండు ప్లం గిన్నెలోంచి ఫాదర్ గారి చెంచాలోకి పురుగు వచ్చింది. ఆయన దాన్ని పళ్ళెం అంచున పెట్టి మళ్ళీ చెంచా ముంచారు. అదే ఆమెకి ముల్లయి కూర్చుంది. వచ్చే డిసెంబర్లోనూ అదే బల్ల, అదే గిన్నె.

కంచె దాటి ఒక కాయ తీసి బొటనవేళ్ళతో చీల్చింది. చిన్న రంధ్రం, లోపల నల్లటి పెంట, పురుగు లేదు. ఇంకోటి చీల్చింది. అదీ ఖాళీయే.

"చూడు! ఇల్లు ఖాళీచేసి పోయాయి. మూడ్రోజుల నీ భక్తికి ఇదే ఫలం. పట్టు బకెట్!"

పట్టుకున్నాడు. అంతలో రోడ్డుమీద చర్చికి పోతున్న జనం కనిపించగానే బకెట్ వీపు వెనక దాచేశాడు.

"నలుగురూ చూస్తారు వదినా!"

"నా గిన్నెలో పురుగుని చూడలేదూ ఆ నలుగురు? ఇటివ్వు! పో, నాకోసం కూడా దండం పెట్టుకో."

లాక్కుని వంగింది. పండగపూట పని తప్పే, ఆమెకి తెలీదా? కానీ పక్కవాళ్ళ పంటని పురుగుకి అప్పజెప్పడం ఏ దేవుడికి ఇష్టం? అడిగితే చెప్పుకుంటుంది.

చర్చి గంట మోగింది. స్తానా నిలబడి, రసం అంటిన వేళ్ళతోనే శిలువ గుర్తు వేసుకుంది. నుదుటిమీద జిగట మరక పడింది. తుడుచుకోలేదు. కోపమూ దిగలేదు. పురుగు ఇంకా లోపలే ఉన్న కాయకోసం గబగబా గడ్డి తడమసాగింది.