చెంబుకు కాపలా

కిడ్నీలు పాడై దుర్గ పోయాక, ఆమె కూతురు సుస్మిత నీళ్లు తాగడం మానేసింది. తండ్రి ఎప్పుడో సూరత్‌లో వేరే కాపురం పెట్టాడు. పిల్లకిక అమ్మమ్మా తాతా తప్ప ఎవరూ లేరు.

అమ్మమ్మ రత్నాలమ్మ ఆ సంగతి వెంటనే పసిగట్టలేదు. కూతురి దినాలైన దగ్గర్నుంచి ఆవిడకు ఏదీ తగలడం లేదు. ఎసరు పొంగినా, వీధిలో కుక్కలు కరుచుకున్నా, ఎక్కడో పక్కూళ్లో జరుగుతున్నట్టు ఉండేది. పిల్ల బడిలో కళ్లు తిరిగి పడిపోయి, మాస్టారు ఎత్తుకొచ్చిన రోజున దాని పెదాలు చూసింది. బీటలు వారి ఉన్నాయి.

"తాగవే గుంటా" అంటే రెండు చుక్కలు నాలిక మీద వేసుకుని చెంబు దింపేసేది. ఇంకాస్త అంటే పళ్లు బిగించేది.

నూతి నీళ్లంటే భయం కాబోలని తాత గున్నయ్య పూండి నుంచి సైకిలు మీద క్యాను నీళ్లు తెచ్చాడు. అవీ ముట్టలేదు.

"రెండు తగిలిస్తే అదే తాగుతాది" అన్నాడు.

రత్నాలమ్మ అంగన్‌వాడీ టీచరు జ్యోత్స్న దగ్గరికి వెళ్లింది.

"కొట్టకత్తా. గుచ్చి గుచ్చి అడక్కు కూడాను. పనిలోకి ఎంటబెట్టుకెల్లు. సేతులాడతంటే నోరు దానంతటదే ఆడతాది" అంది జ్యోత్స్న. "అది నోరిప్పితే మాత్రం నువ్వు అబద్దమాడకు."

"అబద్దాలాడే ఓపిక నాకేటుందే."

మర్నాడు తోటలో అమ్మమ్మా మనవరాలూ రాలిన జీడిపళ్లు ముందేసుకుని గింజలు మెలిపెట్టి తీస్తున్నారు. పక్కన గున్నయ్య కొబ్బరి గెలలు సర్దుతున్నాడు.

"సూడే, మీ అమ్మమ్మ సేతిలో గింజ ముసిలైపోతంది గాని పండునొగ్గి రాదు" అన్నాడు.

పిల్ల నవ్వలేదు. రెండు గింజలు తీశాక తల ఎత్తకుండానే అంది: "అమ్మకి బొండాం నానే ఇచ్చేసాను."

రత్నాలమ్మ వేళ్లు గింజను తిప్పుతూనే ఉన్నాయి.

"నువ్వు తోటకెల్లిపోనావు. అమ్మ అడిగింది. తాగీసింది. తెల్లారీసరికి సచ్చిపోయింది. నువ్వు సెప్పావు కదా, నీల్లు ముట్టిందంటే మీ అమ్మ బతకదని."

నిజమే. పిల్లను మంచం కోడు దగ్గర కూచోబెట్టి చెంబుకు కాపలా పెట్టింది తనే.

తనకు ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. జిగురు చెయ్యి చెంగుకు తుడుచుకుంది.

"పెద్దాసుపత్రి డాక్టరు ముందే సెప్పేసినాడే, ఇంక ఇంటికి తీసుకెల్లిపోండని. నీకు సెప్పలేదు. నీల్లాపితే ఇంకొన్నాల్లుంటాదని నా ఆశ. దాని దాహం సూడ్లేక నిన్ను కూచోబెట్టినాను."

"మరి బొండాం?"

"తాగినా పోయేదే, తాగకపోయినా పోయేదే. నువ్విచ్చిన రోజు పొద్దున నన్నూ అడిగింది. నానివ్వలేదు." చేతిలో గింజ పక్కన పెట్టింది. "తాగాక ఏటందే?"

సుస్మిత గుర్తు చేసుకుంది. "తియ్యగుందంది. లేతదంది."

గున్నయ్య కత్తి తీసి ఓ బొండాం కొట్టి, పిల్ల ముందు పెట్టి, మళ్లీ గెలల దగ్గరికి పోయాడు.

తాగమని రత్నాలమ్మ అనలేదు. ఇంకో పండు తీసుకుంది. పిల్ల చాలాసేపు బొండాం వంక చూసి, ఎత్తి గటగటా తాగింది. గౌను ముందంతా తడిసింది. సగం మిగిల్చి అమ్మమ్మకిచ్చింది.

రత్నాలమ్మకు తీపి తెలియలేదు. చలవ కూడా తెలియలేదు. అయినా అడుగుదాకా తాగి, లోపలి మీగడ గీసి పెట్టమని గున్నయ్యకు అందించింది, పిల్ల కోసం.