తనంతట తాను లేచే మూత

భార్య సెర్వా చొక్కా గుండీలు పెడుతుంటే టావియా ఎడంచేత్తో గోడమేకు తడుముతూ కారు తాళాలు వెతుక్కుంటున్నాడు. ఆవిడ ఎప్పుడూ కింది గుండీతో మొదలుపెట్టి పైకి వస్తుంది. నాలుగు నెలలుగా అదే వరస. ఆ సంగతి మీద ఆ ఇంట్లో ఇంతవరకు ఒక్క మాట జరగలేదు. ఆవిడ గుండీలు పెడుతుంది, ఆయన గోడకేసి చూస్తాడు. కాలరు దాకా అయ్యాక ఆవిడ ఆయన కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తి, పాంటు జేబులో పెట్టింది. ఆ చేతిలో ఒక తుడుపుగుడ్డ కూడా ఉంచింది. పనిమీదున్నవాడి చెయ్యిలా కనబడాలి కదా.

టావియా అంటే మా భాషలో కవలల తరవాత పుట్టినవాడని అర్థం. కవలలు పుట్టిన ఇంట్లో ఏటా పండగ చేస్తారు. తెల్లబట్టలు కడతారు, దుంపల ముద్ద మీద ఉడికించిన గుడ్లు పెడతారు. తరవాత పుట్టినవాడికి ఆ పేరు ఒకటి, మిగిలితే ఒక గుడ్డు. ఈ టావియా యాభై ఎనిమిదేళ్లూ అలాగే బతికాడు. పొడుగాటి మెడ, నెరిసిన పలచటి మీసం, స్టీరింగు పట్టీపట్టీ కాయలు కాసిన చేతులు. మా కుమాసి ఊరి పెద్దబజారు నుంచి తాఫో పేట దాకా నడిచే టాక్సీల వరసలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాడు. ఒక్కరోజు ఈయన రాకపోతే ఎవరు రాలేదో చెప్పడానికి మా టాక్సీ స్టేషనువాళ్లు కాసేపు ఆలోచించాలి.

నాలుగు నెలల కిందట ఒక ఆదివారం నిద్రలేచేసరికి కుడిచెయ్యి పరాయిదైపోయింది. ఆసుపత్రిలో చిన్నపాటి పక్షవాతం అన్నారు, ఇంతటితో పోయింది సంతోషించమన్నారు. చెయ్యి నడుము ఎత్తు దాకా కదులుతుంది. గేరు పడుతుంది. అంతకన్నా పైకి లేవమంటే లేవదు. టావియా స్టేషనులో ఎవరికీ చెప్పలేదు. కారు ఆయన ఒక్కడిది కాదు, వంశానిది. మేనమామ బాఫో నుంచి మేనల్లుడికి, అంటే ఈయనకి వచ్చింది. ఈయన చెయ్యి పడిపోయిందని తెలిస్తే మర్నాడే అక్క కొడుకు ఒడూరోకి పోతుంది. మాలో అంతే, ఆస్తి ఆడపడుచు కడుపునే వెతుక్కుంటూ పోతుంది. కారు లేకపోతే టావియా ఏం చేస్తాడు? సెర్వా అమ్మే అన్నం గిన్నెల పక్కన ముక్కాలిపీట వేసుకుని ఈగలు తోలతాడు. ఆ పీట ఆయనకి కల్లోకి కూడా వచ్చింది.

మనిషి నోరు మూసుకున్నా చెయ్యి ఊరుకోదు. మా దగ్గర ఎడంచేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం, పలకరించడం తిట్టుతో సమానం. అందుకని టావియా డబ్బులు అద్దం ముందున్న గుడ్డ మీద పెట్టమనేవాడు. స్నేహితులతో కలిసి తినడం మానేశాడు. ఎవరైనా కరచాలనానికి వస్తుంటే కుడిచేతిలోని తుడుపుగుడ్డను కొంచెం ఆడించి, నూనె అయిందన్నట్టు నవ్వేవాడు. ఇవన్నీ గడిచాయి కాని డిక్కీ దగ్గర పరువు పోయేలా ఉంది. మావన్నీ సరుకుల బేరాలు. ప్రతి ట్రిప్పుకీ దిగి డిక్కీ మూత ఎత్తాలి. మొదట్లో పక్కబండి డ్రైవర్లను కాస్త ఎత్తమనేవాడు. ఒకసారి ఎడంచేత్తో ఎత్తబోతే మూత జారి పోమా అనే ఆవిడ టమాటా బుట్ట మీద పడింది. ఆవిడ స్టేషను చైర్మన్ ఫ్రింపాంగ్‌కి చెప్పింది. దొరలా సీట్లో కూర్చుని సరుకు మమ్మల్నే ఎక్కించుకోమంటున్నాడని ఇంకో ఫిర్యాదు వస్తే బండిని వరసలోంచి తీసేస్తానన్నాడు చైర్మన్.

మీట నొక్కితే వెనక మూత దానంతటదే లేచే కార్లు ఈమధ్య ఊళ్లో అక్కడక్కడా కనబడుతున్నాయి. అవి డబ్బున్నవాళ్లవి. వాటికి మోటార్లుంటాయి. టావియాకి మోటారు అక్కర్లేదు, మూత లేస్తే చాలు. మూడు సాయంత్రాలు లార్బీ మేస్త్రీ షెడ్డులో కూర్చుని ఆ పని చేయించుకున్నాడు. పాత మోటారుసైకిళ్ల స్టాండు స్ప్రింగులు, సైకిలు బ్రేకు తీగ ఒకటి, దాని పిడి ఒకటి. స్ప్రింగు ఒక కొసని మూత బందుకి తగిలించి, రెండో కొసని లోపలి రేకుకి బెజ్జం కొట్టి అందులో దూర్చారు. తీగని డిక్కీ గడియకి కట్టి, కాళ్లపట్టా కింది నుంచి డ్రైవరు సీటు దాకా లాక్కొచ్చారు. పిడి ఎడంపక్క, తలుపు దగ్గర; మా కార్లలో డ్రైవరు సీటు ఎడమవైపే. రెండు స్ప్రింగులతో మూత జానెడు లేచి, ఆవులించినట్టు ఆగిపోయింది. మూడోది వేసేసరికి ఒక్క ఊపున లేచి నిలబడింది. రేకు కొట్టుకోకుండా లార్బీ అరిగిపోయిన చెప్పుని ముక్కలు కోసి అంచుల్లో అంటించాడు. ఇదంతా ఎందుకన్నా అని అడిగితే టావియా మోజు అన్నాడు.

మూసేటప్పుడు తెలిసింది అసలు సంగతి. మూత లేచి తల దాటి పైన నిలబడుతోంది. మూడు స్ప్రింగుల బలానికి ఎదురు లాగి కిందికి తేవాలి. లేపే మందు దొరికింది కాని దించే మందు మేస్త్రీ దగ్గర లేదు. ఆ రాత్రి సెర్వా తెల్లపిట్టల అచ్చున్న తన పాత నీలం గుడ్డలోంచి బెత్తెడు వెడల్పున పట్టీ చింపి రెండు మడతలు వేసి కుట్టింది. కొసన పిడికిట్లో ఇమిడేలా ముడి వేసింది. ఎందుకని అడగలేదు. దాన్ని మూత లోపలి అంచుకి బిగిస్తే, ఎడంచేత్తో పట్టుకుని ఒళ్లంతా వేలాడేస్తే మూత దిగుతుంది. అలా ఆ పని పూర్తయింది.

ఆ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి టావియా బండి వరసలో ముందుకొచ్చింది. బజారువైపు నుంచి పోమా, వెనకాల మోతగత్తె నెత్తిన రెండు టమాటా బుట్టలు. పోమా నడుముమీద చేతులు పెట్టుకుని, ఇవాళయినా దిగుతావా దొరబాబూ అన్నట్టు చూస్తోంది. టావియా కిటికీలోంచి తల బయట పెట్టి, ఒక్క నిమిషం అక్కా అని, పిడి నొక్కాడు. వెనక టక్కుమంది. మూత లేచింది, ఎవరూ ముట్టుకోకుండా, పెళ్లిలో పెద్దమనిషి లేచినట్టు తీరుబడిగా.

పోమా ఒక అడుగు వెనక్కి వేసింది. తరవాత కారు చుట్టూ తిరిగి చూసింది, అవతల ఎవడైనా దాక్కుని ఎత్తాడేమోనని.

"దీనమ్మ కడుపు మాడా, మంత్రి కారులా లేచిందే! టావియా, ఇంకోసారి చెయ్యి."

ఆయన దిగి వచ్చి, నీలం పట్టీ ముడిని ఎడంచేత్తో పట్టుకుని, మోకాళ్లు వంచి వేలాడాడు. మూత మూతపడింది. వెళ్లి మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచింది. స్టేషనంతా పోగయింది. రొట్టెలమ్మేవాళ్లు వచ్చారు, పక్క లైను డ్రైవర్లు వచ్చారు. ఇంత తుక్కు బండికి ఈ సోకెందుకని ఒకడన్నాడు.

"బండి ఆయనది, బుట్టలు నావి. కందకి లేని దురద కత్తిపీటకెందుకురా?" అంది పోమా, తనే బుట్టలు లోపల సర్దుకుంటూ.

అందరూ నవ్వారు. టావియా కూడా నవ్వాడు. ఎందరి నవ్వులకో పక్కన నిలబడ్డ మనిషి, ఈ నవ్వుకి తనే కారణం. కవలల పండగలో రెండు గుడ్లూ తనకే పెట్టినట్టుంది. నాలుగు నెలల భయం ఒక్కసారిగా దిగిపోయి, ఆ దిగిపోవడంలో జాగ్రత్త కూడా దిగిపోయింది.

చైర్మన్ ఫ్రింపాంగ్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. భారీ మనిషి, మెడలో ఈల, ఇరవై ఏళ్ల స్నేహితుడు. డిక్కీలోకి తల దూర్చి స్ప్రింగులు చూశాడు, తీగ చూశాడు. బయటికొచ్చి, నిన్ను తక్కువ అంచనా వేశానోయ్ అంటూ చెయ్యి చాచాడు. మా కరచాలనం తెలుసుగా, అరచేతులు కలిసి, విడిపోయేటప్పుడు వేళ్లు చిటిక వెయ్యాలి. ఆ చిటిక మోగితేనే స్నేహం.

టావియా ఆనందంగా ఎడంచెయ్యి ఇచ్చాడు.

చైర్మన్ కుడిచెయ్యి దాని వెనకవైపుకి తగిలి ఆగింది. చిటిక మోగలేదు. రొట్టెలమ్మాయి నవ్వు సగంలో ఆపింది. పదిమంది ముందు పెద్దమనిషికి ఎడంచెయ్యి ఇచ్చినవాడికి పళ్లు రాలాలి మామూలుగా. టావియా తన చేతిని తనే చూసుకుని, క్షమించమని గొణిగి, తుడుపుగుడ్డ కోసం జేబులో తడుముకున్నాడు. చైర్మన్‌కి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. ఆయన ముందు ఆ చేతిని, తరవాత లేచి ఉన్న మూతని, దాన్నుంచి వేలాడుతున్న పట్టీని చూశాడు. పాసింజర్లని ఎక్కించుకుని వెళ్లమని ఈల ఊదాడు.

మధ్యాహ్నం స్టేషను వెనక అన్నాల పాకకి కబురు చేశాడు. ఇద్దరికీ ఫూఫూ చెప్పాడు. పులుసులో మునిగిన మెత్తటి ముద్ద, కుడిచేతి వేళ్లతో తుంచుకుని తినాలి. టావియా గిన్నె ముందు కూర్చున్నాడు, చేతులు బల్ల కింద.

"నాలుగు నెలల నుంచీ మాతో తినట్లేదు. అలిగావనుకున్నా," అన్నాడు చైర్మన్. "ఎంత ఎదవనిరా నేను. మూత ఎత్తగలిగినోడు మూతకి స్ప్రింగులెందుకు పెట్టిస్తాడు?"

టావియా బల్ల కింద కుడిచేతిని ఎడంచేత్తో కప్పుకున్నాడు.

"ఏదీ, చెయ్యి ఎత్తు."

టావియా ఎత్తాడు. చెయ్యి బల్ల అంచు దాకా వచ్చి ఆగింది. ఇంకా పైకి రమ్మని ఆయన ముఖమంతా బతిమాలుతోంది. చైర్మన్ చూడలేక ఆ చేతిని తనే అందుకుని, గిన్నె పక్కన పెట్టాడు. కాసేపు దాన్ని వదల్లేదు.

టావియా అప్పుడు చాలా చెప్పాడు. గేరు పడుతోందన్నాడు. రోజూ కొబ్బరినూనెతో మర్దనా చేయిస్తున్నానన్నాడు. రెండు నెలలు ఓపిక పట్టమన్నాడు. డిక్కీ సంగతి తీరిపోయింది కదా, ఇంక ఎవరికి ఇబ్బందన్నాడు.

"తాఫో వాలు మీద ఎప్పుడైనా స్టీరింగు జారిందా? నీ భార్యమీద ఒట్టేసి చెప్పు."

రెండుసార్లు జారింది. రెండోసారి వెనక సీట్లో పసిపిల్లతో ఒకావిడ ఉంది. ఆ సంగతి సెర్వాకి కూడా చెప్పలేదు. ఇప్పుడు అబద్ధం చెబితే చాలు, చైర్మన్ నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. నమ్మాలనే చూస్తున్నాడు. టావియా తల దించుకుని ఎడంచేత్తో గిన్నెని పక్కకి జరిపాడు.

"నావల్ల కాదురా," అన్నాడు చైర్మన్. "డిక్కీ మూత ఒక్కటే అయితే కళ్లు మూసుకునేవాణ్ణి. ఇది స్టీరింగు."

అక్కడి నుంచే చైర్మన్ టావియా వంశపెద్దకి ఫోను చేశాడు. వంశపెద్ద ఒడూరోకి చేశాడు. ఫూఫూ చల్లారి గట్టిపడింది. చైర్మన్ కూడా తినలేదు.

నాలుగున్నరకి ఒడూరో వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, కలప అడితీలో దుంగలు మోసిన భుజాలు, చెడ్డవాడు కాదు. మేనమామకి వంగి దండం పెట్టి, నేను అడగలేదు మావయ్యా, వాళ్లే రమ్మన్నారు అన్నాడు. నిజమే. ఇరవై ఆరేళ్ల కిందట బాఫోకి కళ్లు మసకబారినప్పుడు టావియా కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు. అని, తాళాలు పుచ్చుకున్న మొదటిరోజే సీటుమీదున్న ముసలాయన బూరుగుదూది దిండుని ఇరుకుగా ఉందని తీసి చెత్తలో పారేశాడు. బాఫో చాలా వారాలు స్టేషను బల్ల మీద వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు నా దిండేదిరా అని అడిగితే, ఎక్కడో పోయింది మావయ్యా అన్నాడు. ఆ అబద్ధం ఇన్నాళ్లూ ఏ మూలో పడి ఉండి, ఇవాళ లేచి కూర్చుంది. ఒడూరోని తప్పుపట్టడానికి టావియా దగ్గర ఏమీ లేదు.

తాళాలు కుడిచేత్తోనే ఇవ్వాలనుకున్నాడు. ఎడంచేత్తో కుడి మణికట్టుని కిందినుంచి ఎత్తి పట్టుకుని, తాళాలు తగిలించిన వేళ్లని ముందుకి తోశాడు. ఒడూరో ఆ వేళ్లని ఒక్కొక్కటే విప్పి తీసుకోవాల్సి వచ్చింది.

తరవాత అన్నీ చూపించాడు. రెండో గేరు ఎక్కడ మొరాయిస్తుందో చెప్పాడు. ఎడమ వెనక తలుపుని ఎలా ఎత్తి మూయాలో చెప్పాడు. చివరికి పిడి చూపించాడు. ఒడూరో నొక్కితే మూత లేచింది. కుర్రాడు ఈల వేసి, నువ్వు చేయించావా మావయ్యా అని రెండుసార్లు అడిగాడు.

"మూసేటప్పుడు పట్టీ లోపలికి తొయ్యి అల్లుడూ. బయటుంటే వానకి తడిసి కుళ్లిపోద్ది. మీ అత్త కుట్టింది."

"సరే మావయ్యా."

వరసలో బండి ముందుకొచ్చింది. ఒడూరో ఇంటిదగ్గర దింపుతాను, తన పక్క సీట్లో కూర్చోమన్నాడు. ఆ సీట్లో టావియా ఎన్నడూ కూర్చోలేదు. వంతు పోగొట్టుకోకు, ముందు పాసింజర్లని చూడు అన్నాడు. ఒకావిడ అరటిగెల పట్టుకొచ్చింది. ఒడూరో గెలని ఒంటిచేత్తో అందుకుని డిక్కీలో పడేసి, మూతని పైనుంచి ఒక్క చరుపు చరిచాడు. మూడు స్ప్రింగులూ గుక్కతిప్పుకోకుండా అణిగిపోయాయి. వాడికి పట్టీ అవసరమే లేదు, వాడి కంటికి అది ఆనలేదు కూడా.

బండి కదిలాక పట్టీ బయటే ఉండిపోవడం చూశాడు టావియా. అలవాటుగా కుడిచెయ్యి ఎత్తబోయాడు, అది జేబులో తుడుపుగుడ్డని పట్టుకుని అలాగే ఉండిపోయింది. అప్పుడు అందరూ చూస్తుండగానే ఎడంచెయ్యి ఎత్తి ఊపాడు. ఎవరూ తప్పుపట్టలేదు. చైర్మన్ ఈల నోట్లో పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

టాక్సీ బజారు మలుపు తిరిగింది. డిక్కీ మూత కింద ఇరుక్కున్న తెల్లపిట్టల నీలం పట్టీ, పిడికిట్లో ఇమిడేంత ముడితో, జానెడు బయటికి వేలాడుతూ వెళ్లింది.