జిల్మిలి కిటికీ

మొగుడి పేరు నోటితో అనకూడదంటారు. రాయకూడదని మాత్రం ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను: పురుషోత్తం. హుస్సేనీ ఆలంలో బగ్గీలు చేసే పురుషోత్తం ఇల్లెక్కడంటే చార్మినార్ దగ్గర గాజులమ్మేవాళ్లు కూడా దారి చూపిస్తారు. ఆయన చేతుల్లో ఉన్న నేర్పులో పావు వంతు తలలో కూడా ఉండి ఉంటే నాకీ కథ రాసే పనే ఉండేది కాదు.

ఆయన చేసేవి మామూలు బగ్గీలు కావు, నవాబుల దేవిడీలకు, అంటే వాళ్ల మహళ్లకు, పరదా బగ్గీలు. దేవిడీ ఆడవాళ్లు చుట్టాలింటికి పోతే, లోపల ఉన్నదెవరో ఈగకు కూడా తెలియకూడదు. అందుకని కిటికీలకు జిల్మిలి బిగిస్తారు. చెక్క రెక్కలను ఒకదాని కింద ఒకటి, బయటి అంచు నేలవైపు వాలేటట్టు గాడుల్లో దూరుస్తారు. లోపలికి కాస్త గాలి వస్తుంది, కాస్త వెలుతురు వస్తుంది. గుర్రం మీద పోయేవాడు ఎంత వంగినా ఏమీ కనిపించదు. మోటార్లు వచ్చి బగ్గీలు తగ్గాక, ఆయన మోటార్లకు కూడా అవే జిల్మిలీలు బిగించడం మొదలుపెట్టాడు.

రెండో జర్మనీ యుద్ధం ఇంకా రాని రోజులవి. మిద్దె మెట్ల మీద జారిపడి నేను తుంటి విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టినాయన ఎముక అతుక్కుంటుందన్నాడు గానీ ఎప్పుడో చెప్పలేదు. పడుకుంటే బాగానే ఉండేది, లేపి కూర్చోబెడితే ప్రాణం పోయినంత పనయ్యేది. మొదట్లో వాడకట్టంతా వచ్చి చూసింది. మెల్లగా పలకరింపులు తగ్గాయి. ఏడాది తిరిగేసరికి నేనూ ఎదురుగా ఉన్న గోడా మిగిలాం. ఇంట్లో ఒక మనిషి ఉందన్న సంగతి అందరూ మరిచిపోయారు. అది తుంటి నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

ఒక సాయంత్రం ఆయన పనినుంచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

“ఏమన్న తెచ్చియ్యాల్నా? మల్లెపూలు తేవాల్నా?”

“సముద్రం తెచ్చియ్యి. ఈ గోడ చూసి చూసి కండ్లు కాయలు గాసినయి. గోడ అడ్డంరాని జాగ ఒక్కటన్న చూస్త.”

నేనన్నది ఎగతాళికి. ఎగతాళి అర్థం కాని మనిషితో కాపురం చేస్తున్నానని మరిచిపోయాను. ఆయన గోడను చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

“సముద్రం తేవస్తదా? నిన్నే తీస్కపోవాలె,” అన్నాడు.

మా వీధిలోనే ఉండే రజాక్ ఒక నవాబు గారి మోటారుఖానాలో డ్రైవరు. అక్కడ మూలకు పడి ఉన్న పాత లారీని మా ఆయన పనితనానికి బహుమతిగా నవాబు చేత ఇప్పించాడు. నడపడం కూడా అతనే నేర్పాడు. రోజూ వచ్చి నాకు కబుర్లు చెప్పేవాడు.

“భాభీ, మా భాయ్ లారీని గుర్రమే అనుకుంటుండు. బ్రేకు తొక్కుమంటే కళ్లెం కోసం చేతులాడిస్తుండు.”

“ముందల గడ్డి గిట్ల పెడుతలేడు గద?”

“ఇంక పెట్టలే. రేపు పెడ్తడేమో!”

లారీ వెనక భాగాన్ని మా ఆయన ఇల్లు చేశాడు. ఇల్లంటే ఇల్లే. పైన టేకు కప్పు, కింద బొగ్గుల కుంపటికి రేకు పెట్టె, నీళ్ల కుండకు తొట్టి, నా తల వైపు చిన్న తలుపు. మధ్యలో నా పడక. గతుకులు నాకు తగలకుండా దాన్ని బగ్గీ తోలు పట్టీలతో వేలాడదీశాడు. పడక పక్కన, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా, గోడంత వెడల్పు జిల్మిలి కిటికీ. ఒక్క మేకు లేదు. చేత్తో తడిమి చూస్తే అతుకు ఎక్కడుందో దొరకదు. అది నా కోసం చేశాడు. ఎవరో బేగం కోసం కాదు, నా కోసం. నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది.

నన్ను పరుపుతో సహా నలుగురు ఎత్తి లారీలోకి చేర్చేసరికి వీధి వీధంతా వినేలా అరిచాను. మళ్లీ ఇంటికి వచ్చేదాకా ఎవరూ నన్ను ఎత్తవద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

నిజాం సరిహద్దు దగ్గర సుంకం నాకాలో జవాను లారీ ఆపాడు. ఒకసారి కిటికీ వైపు చూసి గబుక్కున వీపు తిప్పి నిలబడ్డాడు.

“మాఫ్ కీజియే. ఏ దేవిడీ బేగం సాహెబా?”

మా ఆయన లారీ ముందుకు పోనిచ్చాడు. నాకా దాటాక గట్టిగా అరిచాడు: “చూసినవా? నా పనికి సలాం గొట్టిండు!”

“పనికి గాదు, నాకు గొట్టిండు!” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ జవాను ఎందుకు వీపు తిప్పాడో ఇద్దరిలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. దారంతా కిటికీలోంచి నాకు రోడ్డు అంచూ, ఎండిన గడ్డీ కనిపిస్తూనే ఉన్నాయి. పడుకున్న మనిషికి అంతే కనిపిస్తుందేమో అనుకున్నాను.

బెజవాడ దగ్గర లారీని బల్లకట్టు ఎక్కించి కృష్ణ దాటాం. చీరాల పక్కన వాడరేవుకు చేరగానే ఆయన లారీ ఆపి చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

“వచ్చింది రాజమణీ! చూడు, కండ్ల నిండ చూడు!”

నేను చూశాను. ఇసుక ఉంది. ఆయన పాదాలున్నాయి. వాటి పక్కన ఒక పీత ఉంది.

“మస్తున్నది. కని నేను విన్నంత పెద్దగ లేదు.”

“పెద్దగ లేదా?”

“జానెడు వెడల్పున్నది. నడుమ ఒక పీత తిరుగుతున్నది. పక్కన నీ కాళ్లు. ఇంటికి పోంగనే గోర్లు తీస్కో.”

ఆయన లోపలికి వచ్చి నా దిండు మీద తల ఆనించి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఏళ్లుగా పరదా బగ్గీలు చేసిన చెయ్యి, మనిషిని అడగకుండానే రెక్కల్ని నేలవైపు వాల్చేసింది.

“నన్నెవరు ఎత్తుకపోతరని గింత పరదా?” అన్నాను. ఆయన నవ్వలేదు.

మరునాడు ఒంగోలు దాటి కొత్తపట్నం ఒడ్డున, పొద్దున మొదలుపెట్టి రెక్కలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, గాడుల చట్రాన్ని తలకిందులు చేసి మళ్లీ దూర్చాడు. అన్నం కూడా తినలేదు. పొద్దున నేను ఆయనతోనే కుంపటి మీద పెట్టించిన పప్పు చల్లారిపోయింది. రెక్కలు తీసినంతసేపూ ఎండ పడుతుందని కిటికీకి అడ్డంగా గోనెపట్టా కట్టాడు. పని పూర్తయ్యాక దాన్ని తీశాడు.

“ఇప్పుడెట్లున్నది?”

“సముద్రంల గద్ద ఎగురుతున్నది.”

ఈసారి రెక్కలన్నీ ఆకాశం వైపు తిరిగాయి. ఇంతకుముందు కింద నేల, ఇప్పుడు పైన మబ్బులు. సముద్రం ఆ రెండింటి నడుమ ఎక్కడో ఉండి మోగుతూనే ఉంది. పగలబడి నవ్వాను. నవ్వుతుండగానే ఏడుపు వచ్చింది. ఇంత దూరం వచ్చి సముద్రాన్ని చెవులతో చూసి పోవాలా అనిపించింది. ఆయన కింద ఇసుకలో కూర్చుని తల పట్టుకున్నాడు.

నెల్లూరు దాటి మద్రాసు దాకా పోదామనుకున్నాం గానీ లారీ ఇంజను ప్రతి రెండు మైళ్లకూ కాగిపోతోంది. మైపాడు ఒడ్డే చివరిది, అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. తెల్లవారి అక్కడ లారీ ఆపాక ఆయన లోపలికి వచ్చాడు. బాడిస, ఉలి పట్టుకుని ఉన్నాడు.

“ఫికర్ చెయ్యకు. గాడులు కొత్తగ తొలుస్త. రెక్కలు అడ్డంగ, సమానంగ పెడ్త. సందుల కెల్లి కనవడుతది.”

“రెక్కలు తియ్యి.”

“తీస్త. తీసినంక ఏం పెట్టుమంటవు?”

“ఏం పెట్టకు.”

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగాక కిటికీని ఖాళీగా వదిలిన పాపాన పోలేదు.

“ఏం పెట్టకపోతే లోపలి మనిషి రోడ్డు మీదికి కనవడుతది గదనే!”

“కనవడని. ఏడాది సంది ఎవ్వరికన్న కనవడ్డనా? ఇంట్ల గోడ, ఈడ నీ జిల్మిలి. నేను సముద్రాన్ని చూస్త, సముద్రం నన్ను చూస్తది. నేనేమన్న దొంగతనం చేసిన్నా దాక్కోనీకి?”

ఆ మాట ఎగతాళిగా అనబోయాను, ఎగతాళిగా రాలేదు. ఆయన బాడిస కింద పెట్టాడు. బయటికి పోయి పైనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క రెక్కా లాగాడు. మొదట ఆకాశం వచ్చింది. తర్వాత ఒక గీత వచ్చింది. ఆ గీత కిందినుంచి నీళ్లు మొదలై, రెక్క తీసిన కొద్దీ ముందుకు వచ్చి, చివరి రెక్క ఊడేసరికి ఇసుక దాకా వచ్చేశాయి. ఎక్కడా గోడ లేదు. ఎడమకు చూసినా, కుడికి చూసినా లేదు. నా కళ్లు అంత దూరం పోయి ఎన్నాళ్లయిందో! దిండు తడిసిపోయింది.

వల భుజాన వేసుకుపోతున్న ఒకామె ఆగి కిటికీలోకి తొంగి చూసింది.

“ఏందమ్మా, పొణుకోనుండావే? యాడ నించి వస్తుండారు?”

“హైద్రాబాదు కెల్లి,” అన్నాను. ఏడాదిలో ఒక కొత్త మనిషి నన్ను పలకరించడం అదే మొదలు.

ఆమె వెళ్లాక ఆయన వచ్చి కిటికీకి ఎదురుగా నిలబడ్డాడు. చంకలో రెక్కల కట్ట, మీసం నిండా చెక్క పొడి. సముద్రం ఆయన వీపు వెనక ఉంది. అటు ఒక్కసారైనా తిరిగి చూడలేదు. దారి పొడుగునా రోడ్డు చూస్తూ నడిపిన మనిషి, ఇప్పుడు నా ముఖం చూస్తున్నాడు. ఆ రెండు భుజాలూ కిటికీ అంతా నిండిపోయాయి. నీళ్లు చుక్కయినా కనిపించడం లేదు.

“కనవడుతున్నదా?” అన్నాడు భయంభయంగా.

“మస్తు కనవడుతున్నది,” అన్నాను. “జరగకు. మొఖం మీద ఎండ పడుతది, జరసేపు గట్లనే నిలవడు.”