పని పేరు చెప్పండి

నేను ఒక పైతాన్ ప్రోగ్రామును. పేరు చలి. బతుకు మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్న సరుకు ఒక్కటే: భీమవరం శివారులోని రొయ్యల కోల్డు స్టోరేజీలో ఎవరైనా నల్లటి తెర మీద నా పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, గదుల్లో ఎంత చల్లగా ఉందో చెప్పడం. ఒకే సరుకు అమ్మే కొట్లో, వచ్చినవాణ్ణి ఏం కావాలని అడగక్కర్లేదు.

నన్ను రాసింది సుభద్ర, అక్కడి యంత్రాలు చూసుకునే ఇంజినీరు. నా పనితనం నచ్చి వ్యాపారం పెంచింది. గదుల్లోని గొట్టాల మీద మంచు పేరుకుంటే వేడి గ్యాసు పంపి కరిగించే పనీ నాకే అప్పగించింది. రెండు పనులన్నాక ఇద్దరు గుమాస్తాలుండాలి. అందుకే నా పేరు తర్వాత పని పేరు చెప్పాలని కట్టడి పెట్టింది. 'చలి చూడు' అంటే చూసే గుమాస్తా లేస్తాడు. 'చలి కరిగించు' అంటే కరిగించేవాడు లేచి, ఏ గదో కూడా వింటాడు. ఒకడి పనిలో ఇంకొకడు వేలు పెట్టడు. గుమ్మంలో కూర్చుని ఆ మొదటి మాట విని, సరైనవాడి దగ్గరికి పంపడమే నా ఉద్యోగం.

ఈ కట్టడి ఆపరేటరు సత్తిబాబుకు గిట్టలేదు.

"ఏంటండీ మేడమ్ గారూ, రోజూ అదే కదండీ కొట్టేది? గేటు కాడ టీ కొట్టుకెళ్ళి కూర్చుంటే చాలండీ, మన టీ మనకొచ్చేస్తది. దీనికి మాత్రం ప్రతిసారీ విడమర్చి చెప్పాలా?"

సుభద్ర నవ్వి ఒప్పుకుంది. పని పేరు చెప్పకపోతే కిందటిసారి చేసిందే మళ్ళీ చెయ్యమని నాకు నేర్పింది. ఒక్క మాట కొట్టే శ్రమ మిగిలితే మనుషులకు అదే పెద్ద లాభం. అందులో నష్టం ఎక్కడ దాక్కుందో ఎవరికీ తట్టలేదు.

ఒక ఉదయం ఖాళీగా ఉన్న రెండో గదిలో నా చేత మంచు కరిగించి, సుభద్ర వేరే షెడ్డుకు వెళ్ళింది. గది మళ్ళీ చల్లబడ్డాక చెరువు రైతు నరసింహరాజు గారి రొయ్యల పెట్టెలు అందులోకి ఎక్కించారు. ఈ మధ్యలో నన్నెవరూ పలకరించలేదు. చెరువుకు తెగులు తగిలి వరసగా పంటలు పోయాక రాజుగారి చేతికొచ్చిన పంట అది. కొనేవాళ్ళ మనిషి సాయంత్రం వచ్చి పెట్టె తెరుస్తాడు. సరుకు మెత్తబడిందంటే లారీ ఖాళీగా వెళ్ళిపోతుంది. కుదురుగా ఉండలేక రాజుగారు కంట్రోలు గదికి వచ్చారు.

"సత్తిబాబూ, ఓసారి రెండో గది ఎలా ఉందో చూడవయ్యా."

"చిటికెలో అండీ రాజుగారూ," అంటూ సత్తిబాబు నా పేరు కొట్టాడు. ఉత్త పేరే.

కిందటిసారి చేసింది కరిగించడం, అదీ రెండో గదిలో. ఆ గుమాస్తానే లేపాను. వేడి గ్యాసు గొట్టాల్లోకి బయలుదేరింది. 'రెండో గది: కరిగింపు మొదలైంది' అని తెర మీద రాశాను.

"ఇదేంటిది!" అన్నాడు సత్తిబాబు. అనుకున్నది రాకపోతే మనుషులు చేసేది ఒకటే, అదే మళ్ళీ కొట్టడం. మళ్ళీ నా పేరు కొట్టాడు. మళ్ళీ మొదలుపెట్టాను. 'చలి ఆపు' అని కొట్టాడు. ఆపే గుమాస్తాను సుభద్ర పెట్టనేలేదు. 'ఆ పని నాకు తెలియదు' అన్నాను. గోడ మీద, గది వేడి చూపే మీటరులో ముల్లు కదిలింది.

"ముల్లెక్కుతోందయ్యా! నా కొంప ముంచుతావేంటి!" అని రాజుగారు కేక వేశారు.

సత్తిబాబు ఫోను చేశాడు. అవతలి నుంచి సుభద్ర అరుపు నాకూ వినిపించింది: "దాన్నొదిలెయ్యండి! గది వెనక ఎర్ర వాల్వు చేత్తో మూసెయ్యండి. పరిగెత్తండి!"

ఇద్దరూ పరిగెత్తారు. నేనొక్కణ్ణే మిగిలాను, చెప్పిన పని చేసుకుంటూ. ముల్లు ఇంకా ఎక్కింది. నిలబడింది. చాలాసేపటికి దిగడం మొదలుపెట్టింది.

రాజుగారు పెట్టె విప్పించి, రొయ్యల దిమ్మను వేలి కణుపుతో కొట్టి చూశారట. రాయిలా మోగిందట. సరుకు మెత్తబడలేదని తేలాకే ఆయన పెట్టె మళ్ళీ మూయించారట.

సుభద్ర వచ్చి నన్ను తెరిచింది. "టీ తేడా వస్తే పారబోసుకుంటాం సత్తిబాబు గారూ. ఇది అలా కాదుగా," అని, నేర్పిన అలవాటు తీసేసింది. ఆపే గుమాస్తాను పెట్టింది.

"అయితే మళ్ళీ మొదటికొచ్చామాండీ," అని సత్తిబాబు సణిగాడు.

"కొట్టవయ్యా బాబూ, నీ వేళ్ళేం అరిగిపోవు!" అన్నారు రాజుగారు.

ఇదీ నా లెక్క. పోయింది సత్తిబాబు మెప్పు. దక్కింది, రాజుగారి సరుకుతో గేటు దాటిన లారీ. ఇప్పుడు ఉత్త పేరు పెట్టి పిలిస్తే, నాకు తెలిసిన పనులన్నీ చదివి వినిపించి, ఏది కావాలో చెప్పేదాకా కదలకుండా కూర్చుంటాను. ఇంత వ్యాపారం చేసి నేను కూడబెట్టుకున్న ఆస్తి ఆ కదలకపోవడమే.