ఏటవాలు వేటు

వనమహోత్సవం నాడు మునిలక్ష్మి ఆవు కందకంలో పడి చచ్చింది.

గొల్లకుంటపల్లె గుట్ట కింద ఉన్నది ఊరి గోమాళం. తరతరాలుగా పశువులు మేసిన నేల. ఇప్పుడు దాని పేరు అడవి. అక్కడున్న కానుగలూ రేలచెట్లూ రేగుపొదలూ పనికిమాలిన కంప అని అటవీశాఖవాళ్లు తేల్చి, జేసీబీలతో పెళ్లగించి, కాగితం మిల్లు కోసం నీలగిరి చెట్లు వేశారు. పిట్ట గూడు కట్టదు, మేక మూతి పెట్టదు, కింద గరిక మొలవదు. ఆ కట్టెల తోటను అడవి అనడానికి సిగ్గుండాలి. దేశంలో అడవి పెరిగిందని గొప్పలు చెప్పుకునేటప్పుడు ఈ కట్టెలూ ఆ గొప్పల్లోకే పోతాయి. పైగా పశువులు లోపలికి రాకుండా చుట్టూ కందకం. గోమాళం వెనకున్న కుంటకు పశువులు పోయే దారి దాంతో తెగిపోయింది.

ఆ రోజు షామియానా వేశారు. పెద్ద ఆఫీసరు ఒక మొక్క నాటి ఫొటోకు నిలబడ్డాడు. దాహానికి కుంటను వెతుక్కుంటూ నిండు చూలుతో ఉన్న మునిలక్ష్మి ఆవు సరిగ్గా ఆ ఫొటోకు అడ్డం వచ్చింది. కాంట్రాక్టరు అంబరీష్ మనుషులు కర్రలతో తరిమారు. అది బెదిరి పరుగెత్తి కందకంలో తలకిందులుగా పడింది. మునిలక్ష్మి దిగి దాని తల ఒళ్లో పెట్టుకుంది. కడుపులో దూడ కాసేపు కదిలి ఆగిపోయింది. పైన మైకులో పచ్చదనం మీద ప్రసంగం సాగుతూనే ఉంది.

"బిరీన ఎత్తించమ్మా. సార్లు ఇట్లే భోజనానికి పోవల్ల," అన్నాడు అంబరీష్ పైనుంచి, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని.

వాడిని చూస్తే మునిలక్ష్మికి అసహ్యం వేసింది. ఆ కందకం తవ్విన కూలీల్లో తనూ ఉన్నానని గుర్తొచ్చి తన మీద కూడా వేసింది.

సాయంత్రం పాల డెయిరీ ముందు ఊరంతా గుమిగూడింది. అర్జీ ఇద్దామన్నాడు పట్టుగూళ్ల రైతు బచ్చప్ప, ఊరి పెద్ద.

"ఇంగెన్ని అర్జీలప్పా?" మునిలక్ష్మి లేచింది. "ఆ నీలగిరి తాగి తాగి మన బోర్లు ఎండబెట్టింది. నాకింగ ఒక పెయ్య మిగిలుండాది. దానికి నీళ్లు యాడ పెట్టేది? మన కుంట మనకు రావల్ల. ఆ చెట్లుండే దాకా రాదు."

"ఏం చేద్దామంటావు మరి?" అన్నాడు బచ్చప్ప.

"నరికేద్దాం."

మర్నాడు తెల్లవారగానే గొడ్డళ్లు తీసుకుని ఊరు ఊరే కదిలింది. పొద్దు వాలేసరికి గోమాళంలో నిలబడిన నీలగిరి ఒక్కటి లేదు. తమటె డప్పులు మోగాయి. ముసలివాళ్లు కూడా చిందులేశారు.

రెండు రోజులకు లారీలొచ్చాయి, వాటి వెనకే పోలీసు జీపు. అంబరీష్ కారు దిగి నేలలో మిగిలిన మొద్దుల మధ్య తిరిగాడు. వంగి ఒకదాన్ని నిమిరి పెద్దగా నవ్వాడు.

"ఒక్క మొద్దు కూడా చీలలేదే! నేలకు జానెడు పైన, ఏటవాలుగా, నాకు ఎట్ల కావల్లనో అట్లే కొట్టినారు. ఈ ఏడు నరికించల్లనే అనుకుంటా ఉంటిని. భలే కూలోళ్లప్పా మీరు!"

మొద్దు మీద వాననీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. ఏటవాలుగా కొడితే నీళ్లు జారిపోయి, ఒక చెట్టు పోయినచోట నాలుగు లేస్తాయి. ఏళ్ల తరబడి అంబరీష్ దగ్గర కూలికి పోయి నేర్చుకున్న వేటు అది. గొడ్డలి కోపంతోనే ఎత్తారు, చేతులు మాత్రం వాడు నేర్పినట్టే దించాయి. పోలీసుల కాపలాలో కట్టె అంతా మిల్లుకు పోయింది. వానలు పడగానే మొద్దులన్నీ గుత్తులు గుత్తులుగా చిగురించాయి. వాటిని చూసి బచ్చప్ప కాండ్రించి ఉమ్మాడు.

ఊరి పాలక్యాన్లను ఆటోలో తీసుకుపోయే ప్రేమరాజుది ఆండర్సన్‌పేట. బంగారు గని మూతపడేదాకా భూమి లోపల పనిచేసినవాడు. ఆ వారం కూతురు షర్మిలను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె రోజూ రైలెక్కి మాలూరు ఫ్యాక్టరీకి పోయేది.

"యూనియన్ పెడదామన్నందుకు దీన్ని గేటు బయట నిలబెట్టినారు," అన్నాడు ప్రేమరాజు. "ఫ్యాక్టరీకి పనోళ్లను పంపే కాంట్రాక్టరు ఎవరనుకుంటిరి? ఈ అంబరీషే."

"అది మీ టౌన్ సంగతి. మా గోమాళంతో మీకేం పని?" అన్నాడు బచ్చప్ప.

"మాకు నీళ్లు ట్యాంకర్‌లోనే కదా వచ్చేది," అంది షర్మిల. "ఆ ట్యాంకరూ వానిదే అన్నా. ఈడ నీళ్లు ఎండబెట్టేదీ వాడే, ఆడ నీళ్లు అమ్మేదీ వాడే."

"థూ!" అంది అందరికంటే వయసులో పెద్దదైన దొడ్డమ్మ.

మునిలక్ష్మి తన అరచేతుల వైపు చూసుకుంది. "నరికేది వాడు నేర్పిన పని. ఇంగ దాని జోలికి పోవద్దు. వేర్లతో పెరికేద్దాం."

"గడ్డపారలు మేం తెస్తాము," అన్నాడు ప్రేమరాజు. "బండ పగలగొట్టినోళ్లం. మొద్దులొక లెక్కా?"

ఆదివారం చర్చి వదలగానే ఆండర్సన్‌పేట నుంచి ఆటోలు వరసగా వచ్చాయి. ఊరి ఆడవాళ్లు మట్టి తోడారు, గనివాళ్లు వేర్ల కింద గడ్డపార వేసి ఎత్తారు, పడుచువాళ్లు తాళ్లు కట్టి లాగారు. మొదటి మొద్దు పెరికేసరికే అందరికీ చెమటలు కారిపోయాయి. దాన్ని దొర్లించుకుంటూ పోయి, ఆవు చచ్చినచోట కందకంలో పడేశారు.

మధ్యాహ్నం జీపు వచ్చింది. ఈసారి అంబరీష్ నవ్వలేదు.

"అడవిని నాశనం చేస్తా ఉండారు. లీడరెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నడుములోతు గుంటలోంచి మునిలక్ష్మి తలెత్తింది. "మొన్న నరికినప్పుడు లారీలకు మీరే కాపలా కాస్తిరి కదా సార్. అప్పుడిది అడవి కాదా? చచ్చింది నా ఆవు. నా పేరే రాసుకోండి."

ఆమెనూ ప్రేమరాజునూ జీపెక్కించారు. వెనక నినాదాలు వినిపిస్తాయనుకుంది. ఏమీ వినిపించలేదు. జనం చెదిరిపోతారేమోనని భయపడింది. అంతలో మట్టిలో గడ్డపార దిగిన చప్పుడు, వెంటనే ఇంకొకటి. తిరిగి చూసింది. ఆమె గుంటలోకి దొడ్డమ్మ దిగింది. "పైన కాదు, వేరు కింద కొట్టండి!" అని షర్మిల అరుస్తోంది.

"ఆపమని చెప్పు వాళ్లకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను చెప్తే ఆగేటోళ్లు కాదు సార్ ఇప్పుడు."

కందకం మలుపులో జీపు ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. పెరికిన మొద్దులూ మట్టీ పడి కందకం అక్కడ పూడిపోయింది. ఆ పూడిక మీదుగా ఊరి పశువులు జీపుకు అడ్డంగా కుంట వైపు దాటుతున్నాయి. అన్నింటికంటే ముందు మునిలక్ష్మి పెయ్య ఉంది. హారన్‌కు అది బెదరలేదు.