కడిగినట్టున్న బండి

పెళ్లయి నెల తిరగకముందే హెటీకి తెలిసిపోయింది, మొగుడు డెస్మండ్ తమ ఇంటిని ఊడదీయాలని చూస్తున్నాడని.

ఇల్లంటే ఒక బండి. లింకన్‌షైర్‌లో ఒక రైతు దగ్గర కొని, అతని గడ్డికొట్టం వెనకే నిలుపుకుని, మీగడ రంగు వేసుకుని, అందులో కాపురం పెట్టారు. లోపల మంచం, మడత బల్ల, గ్యాస్ పొయ్యి. పొద్దున్నే ఆ పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తుంటే, దుప్పట్లో ఉండి అది వినడం కోసమే జనం పెళ్లి చేసుకుంటారేమో అనిపించేది హెటీకి. కప్పులు తగిలించే కొక్కేలు పాత పుస్తకాల అరలవి. కొన్నేళ్లు ఆ బండి ఊరూరా తిరిగే లైబ్రరీ. వాన పడితే గోడల్లోంచి వేపుడు చేప వాసన వచ్చేది. లైబ్రరీకి ముందు అందులో చేపలూ చిప్సూ అమ్మారు. ఆ దేశంలో వాన పడని రోజులు తక్కువ కాబట్టి వాసన లేని రోజులూ తక్కువే. హెటీకి అదీ నచ్చింది. చలి పొద్దుల్లో బండి స్టార్ట్ కాకపోవడం కూడా నచ్చింది. డెస్మండ్ ముందుకెళ్లి హ్యాండిల్ తిప్పుతూ ఇంజన్‌ను ఎంతో మర్యాదగా బతిమాలేవాడు. ఇంజన్ అంతే మర్యాదగా ఊరుకునేది.

డెస్మండ్‌కు బండి పుట్టుక కావాలి. యుద్ధకాలంలో అది సైన్యం అంబులెన్స్ అని ఆకారం చూసిన ఎవరైనా చెప్పగలరు. అయితే ఏ అంబులెన్స్? అతని దగ్గర ఒక ఫొటో ఉంది. అందులో అతని మేనత్త ఎనిడ్, ఇంకా ఇరవై నిండని పిల్ల, సైనిక దుస్తుల్లో ఒక అంబులెన్స్ బానెట్‌కు ఆనుకుని నవ్వుతోంది. ఆమె మోచేతి పక్కన బండి నంబరు చివరి అంకెలు కనిపిస్తున్నాయి: నాలుగు, ఒకటి, ఏడు. యుద్ధంలో ఎనిడ్ అత్త గాయపడ్డవాళ్లను రేవు నుంచి ఆసుపత్రికి చేరవేసింది. ఆ రోజుల గురించి ఎవరడిగినా "చలి" అని ఒక్క మాట అనేది. రెండో మాట ఎవరూ వినలేదు.

"ఇది ఆ బండే అనుకో," అన్నాడు డెస్మండ్ ఒకరోజు, టోస్టు మీద మార్మలేడ్ రాస్తూ.

"అనుకున్నాను. అయితే?"

"మళ్లీ అంబులెన్స్ చేసేద్దాం. పచ్చ రంగు, ఎర్ర శిలువ, లోపల స్ట్రెచర్లు. మే నెల ప్రదర్శనలో యుద్ధ బండ్ల వరసలో నిలబెడదాం. అత్తకు చెప్పకుండా తీసుకొచ్చి చూపిద్దాం."

"మనం ఎక్కడ పడుకుంటాం?"

"స్ట్రెచర్ల మీద. నాలుగుంటాయి."

"నువ్వొకదాని మీదా, నేనొకదాని మీదా?"

డెస్మండ్ టోస్టు కింద పెట్టాడు. ఈ చిక్కు అతనికి తట్టలేదని మొహమే చెప్పింది. చివరికి ఒప్పందం కుదిరింది. నంబరు దొరికితే అంబులెన్స్, దొరక్కపోతే ఇల్లు.

నంబరు బానెట్‌కు రెండు పక్కలా ఉండాలి, తర్వాత వేసిన రంగులన్నిటి అడుగున. దాన్ని బయటికి తేవడానికి ఒక్కటే మార్గం. వాటర్ పేపర్ అనే సన్న గరుకు కాగితం తడుపుతూ, ఒక్కో పొరా తెలిసేలా మెల్లగా రుద్దడం. ఎడమ పక్క డెస్మండ్ రుద్దాడు. ఒక్క సాయంత్రంలో లైబ్రరీ, చేపలు, యుద్ధం అన్నీ దాటిపోయి రేకు తేల్చాడు. పాత సైనిక బండ్ల సంఘం పెద్ద పాక్లింగ్టన్ వచ్చి, ఆ మెరిసే రేకును చాలాసేపు చూసి టోపీ తీశాడు.

"రెండో పక్క నీ భార్యకు వదిలెయ్యి నాయనా," అన్నాడు.

హెటీ వృక్షశాస్త్రం చదివింది. కాలేజీలో సూక్ష్మదర్శిని కింద పెట్టడానికి ఉల్లిపొరను చిరగకుండా ఒలిచిన చెయ్యి ఆమెది. ఆ విధంగా, ఇల్లు పోతే బాధపడేది ఎవరో వాళ్ల చేతికే ఇల్లు పోగొట్టే పని వచ్చిపడింది.

పని మాత్రం ఆమెకు ముద్దొచ్చింది. మీగడ రంగు కింద లైబ్రరీ నీలం వచ్చింది. నీలం కింద చిప్స్ బండి ఎరుపు. కిటికీలా రుద్దిన నాణెమంత మేరలో రంగులు ఉంగరాల్లా ఒకదానిలో ఒకటి ఇమిడిపోయాయి. "ఇటు రా, చూడు, ఎంత బాగుందో!" అని ఊరికే డెస్మండ్‌ను పిలిచేది. అతను పరుగున వచ్చి, "నంబరా?" అనేవాడు. "కాదు, ఎరుపు," అనేది. అతను ఎరుపును చూసి, బాగుందని ఒప్పుకుని వెళ్లేవాడు.

ఎరుపు కింద బురద పచ్చ తేలిన పూట డెస్మండ్ ఊళ్లోకి వెళ్లాడు. పచ్చ మీద తెల్లటి గీత కనిపించింది. ఇంకొంచెం తడిపి తుడిచేసరికి గీత వంగి ఏడైంది. దాని పక్కన ఒకటి, ఆ పక్కన నాలుగు.

హెటీ చేతిలో తడి పేపర్ ఉంది. తెల్ల రంగు ఉల్లిపొర కన్నా పలచన. నాలుగు రుద్దులు రుద్దితే అంకెలు ఉండవు, చూసినవాళ్లూ ఉండరు. తలుపులోంచి పొయ్యి కనిపిస్తోంది, దాని మీద కెటిల్ కూడా. ఆమె కెటిల్‌ను చూసింది. తర్వాత, పడుకోబోయే ముందు డెస్మండ్ ఆ ఫొటోను చూసుకునే తీరు గుర్తొచ్చింది. పేపర్ తీసి బకెట్లో పడేసింది. గొప్ప కారణమేమీ లేదు, అదే కారణం.

డెస్మండ్ వచ్చి అంకెలు చూసి ఆమెను ఎత్తుకుని గడ్డికొట్టం చుట్టూ తిప్పాడు. మర్నాడు ఈలపాట పాడుకుంటూ పొయ్యి బోల్టులు విప్పి దాన్ని గడ్డిలో పెట్టాడు. హెటీ దాని పక్కన కూర్చుని చల్లటి పాలు తాగింది. వాటికి ఏ రుచీ లేదు.

ఆదివారం పాక్లింగ్టన్ భూతద్దంతో వచ్చాడు. అంకెలను, ఫొటోను మార్చి మార్చి చూసి, "అదే," అన్నాడు. సంతోషించినట్టు ఎక్కడా ఆధారం దొరకనివ్వలేదు. కాసేపటికి, మే దాకా ఆగలేక డెస్మండ్ పిలిపించిన ఎనిడ్ అత్త బస్సు దిగి వచ్చింది, తల మీద టోపీ, చేతిలో తను చేసిన కేకుల డబ్బా.

"అత్తా, ఇదేమిటో గుర్తుపట్టు," అన్నాడు డెస్మండ్.

"మీ ఇల్లు."

"కాదత్తా! ఇదిగో ఫొటో. ఇదిగో నంబరు. నీ అంబులెన్స్!"

ఆమె కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. "నా బండి కాదురా ఇది."

"నంబరు సరిపోయిందండీ," అన్నాడు పాక్లింగ్టన్, కొంచెం నొచ్చుకుంటూ.

"సరిపోకేం, ఫొటోలో బండి ఇదే. నాది మాత్రం కాదు. ఫొటో తీసేవాడు వచ్చిన రోజు బండ్లన్నీ బురద కొట్టుకుని ఉన్నాయి. కడిగినట్టున్నది ఇదొక్కటే. అందుకని మమ్మల్ని ఒక్కొక్కరినే తెచ్చి దీని పక్కన నిలబెట్టాడు."

"ఇదొక్కటీ ఎలా శుభ్రంగా ఉంది?" అని అడిగింది హెటీ.

"ఎటైనా కదిలితే కదే బురద అంటేది! పొద్దున్నే స్టార్టయి చస్తేగా. చలికాలమంతా షెడ్డు ముందు కొత్త పెళ్లికూతురిలా కూర్చుంది. నిన్ను కాదులేమ్మా."

"మరి నీ బండి ఏదత్తా?" డెస్మండ్ గొంతు చిన్నదైపోయింది.

"ఏది స్టార్టయితే అది. ఆడపిల్లలమంతా హ్యాండిళ్లు పట్టుకుని చీకట్లో తిప్పుతూ నిలబడేవాళ్లం. ముందు దగ్గిన బండి ముందు బయల్దేరేది. ఇదిప్పటికీ అంతేనా?"

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు.

"అంతే," అంది హెటీ.

"అయితే సందేహం లేదు, అదే."

"ఇంజన్ కూడా మారలేదన్నమాట," అన్నాడు పాక్లింగ్టన్. ఈసారి నిజంగా సంతోషించాడు.

ఎనిడ్ అత్త వెనక మెట్టెక్కి లోపలికి వెళ్లింది. మంచం చూసింది, కప్పులు చూసింది. తర్వాత నేలలో బోల్టు కన్నాలు మాత్రం మిగిలిన ఖాళీ జాగా దగ్గర ఆగింది.

"ఇక్కడేముండేది?"

"పొయ్యి," అంది హెటీ.

"ఎందుకు తీశారు?"

"యుద్ధంలో ఉండేది కాదుగా అత్తా," అన్నాడు డెస్మండ్.

"ఉండేది కాదు. చలికి చచ్చాం." ఆమె మంచం అంచున కూర్చుంది. "దారి పొడుగునా ఒకటే అనుకునేదాన్ని, ఈ డబ్బాలో వెనక ఒక పొయ్యి, దాని మీద ఒక కెటిల్ ఉంటే చాలని. పడుకున్న కుర్రాళ్లూ అదే అడిగేవాళ్లు. ముందు టీ అడిగేవాళ్లు. అమ్మను తర్వాత అడిగేవాళ్లు. నేను ముందు కూర్చుని నడుపుతూ అన్నీ వింటూ ఉండేదాన్ని." టోపీ సర్దుకుంది. "అంతమందికి దొరకనిది నీకు దొరికితే, పట్టుకెళ్లి గడ్డిలో పెట్టావేంరా, వెధవా?"

డెస్మండ్ స్పానర్ తెచ్చుకున్నాడు. పొయ్యికి ఒకవైపు అతను, రెండోవైపు హెటీ పట్టుకున్నారు. పాక్లింగ్టన్ బోల్టులు అందించాడు, ఒకటి పారేసి, అది వెతికాడు కూడా. కెటిల్ ఈల వేసేదాకా ఎనిడ్ అత్త కదలలేదు.

మే నెలలో ప్రదర్శనకు వెళ్లారు. పొద్దున బండి స్టార్ట్ కాలేదు, రైతు ట్రాక్టర్‌తో లాక్కెళ్లాడు. స్ట్రెచర్లు లేని మీగడ రంగు బండిని యుద్ధ బండ్ల వరసలో పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవని పాక్లింగ్టన్ విచారంగా చెప్పి, వరస చివర, కంచె పక్కన చోటిచ్చాడు. బానెట్ మీద హెటీ రుద్దిన కిటికీని అలాగే ఉంచారు. జనం వంగి రంగులన్నీ చూసి, బండి వెనక్కి వచ్చి టీ కోసం నిలబడేవాళ్లు. లోపల పొయ్యి దగ్గర ఎనిడ్ అత్త.

"యుద్ధంలో మీరు నడిపిన బండి ఇదేనటగా?" అని అడిగేవాళ్లు.

"దీన్ని ఎవరూ నడపలేదు," అని, చక్కెర ఎన్ని చెంచాలు వెయ్యాలో అడిగేది.