మాడు తోమిన ఇటుకముక్క

గోదారి గట్టు తెగి ఊరు మూడ్రోజులు నీళ్ళలో నానిన ఏడాది అది. నేను ఒక ఇటుకముక్కని. బట్టీలో కాలి, ఎవరి గోడలోనో పదేళ్ళు నిలబడ్డాను. వరదకి గోడ కూలింది. నీళ్ళు తీశాక రేవులో బయటపడ్డాను. ఆడవాళ్ళు నాతో మడమలు తోముకునేవారు. ఒకరోజు మాణిక్యం నన్ను ఇంటికి తెచ్చింది, మాడిన గుండిగలు తోమడానికి.

ఆమె మొగుడు సింహాద్రి పెళ్ళిళ్ళకి వంటమేస్త్రి. ఎంత మాడిన గుండిగనైనా నాతో రుద్ది తళతళలాడించేవాడు. పనితనం ముదిరితే మనిషికి అన్నీ గిన్నెల్లాగే కనిపిస్తాయి కాబోలు. మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచి తెల్లగా పొట్టు రాలుతుంటే, దాన్నీ మాడే అనుకున్నాడు. మరిగే నీళ్ళు పోసుకుని నాతో రుద్దాడు. నెత్తురొచ్చేది. నాలుగురోజులకి మచ్చ ఇంకా వెడల్పయ్యేది. మళ్ళీ రుద్దేవాడు.

మాణిక్యం పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. వచ్చాక పక్కింటామెతో అంది:

"సోరియాసిస్ అంట వదినా. అంటుకునేది కాదంట. పూర్తిగా పోదు, అణిగుంటదంట. రుద్దితే పెరుగుద్దంది డాక్టరమ్మ. గోరువెచ్చటి నీళ్ళు, తడారకముందే కొబ్బరినూనె, రెండుపూట్లా మందు. కల్లూ చుట్టా మానాలంట."

"మానతాడా?"

"మానకపోతే ఈయన గరిటె నేను లాక్కుంటా."

మానాడు. రెండు నెలలు నన్ను ముట్టలేదు. మచ్చలు పలచబడ్డాయి. కానీ మేస్త్రికి చర్మరోగమని ఊళ్ళో మాట పాకిపోయింది. ఆ ముహూర్తాలకి ఎవరూ పిలవలేదు.

ఆఖరికి మిల్లు కామరాజుగారు కబురంపారు. "పెళ్ళి వంట నీదే మేస్త్రీ. రేపు సాయంత్రం వచ్చి ఓసారి చేతులు చూసుకుంటాం. ఏమనుకోకు."

ఈ వంట పోతే ఇక గరిటె పట్టే పని లేదు. భయపడ్డాడు. మాణిక్యం రేవుకెళ్ళిన సమయం చూసి నన్ను తీశాడు. రెండు నెలల మందునీ ఒక్క గడియలో గీకేశాను. నాకు నోరుంటే ఆపమనేదాన్ని.

మర్నాటి సాయంత్రం కామరాజుగారొచ్చారు. "చొక్కా చేతులు పైకి మడుచు."

"నూనె చిందిందండి," అన్నాడు సింహాద్రి, పచ్చి మోచేతులు చూపిస్తూ.

"నూనె రెండు చేతులకీ ఒకేచోట చిందిందా?"

మాణిక్యం అడ్డమొచ్చింది. "అంటదండి. డాక్టరమ్మే చెప్పింది."

"మాకు తెలుసమ్మా. తినేవాళ్ళకి తెలియాలిగా." ఇచ్చిన మజ్జిగ ముట్టకుండా వెళ్ళారు.

తెల్లారింది. సింహాద్రి గోరువెచ్చటి నీళ్ళు పోసుకున్నాడు. తడారకముందే నూనె రాశాడు, పైన మందు పూశాడు. తర్వాత పెరట్లోకి నడిచి, పెళ్ళి వంటలకి కందకంలా తవ్వుకున్న గాడిపొయ్యిలోకి నన్ను విసిరి, పారతో మట్టి లాగాడు. పొయ్యి నేలతో సమానమయ్యేదాకా లాగుతూనే ఉన్నాడు.